జూలైలో ఆరుబయట కంట్రీ కచేరీ: లాన్ టికెటా, సీటు టికెటా? ఎండ, పిడుగులు, పార్కింగ్ సంగతులు కూడా చెప్పండి

ఫ్రిస్కో_ఫిడిల్

నమస్తే అందరికీ. అమెరికన్ కంట్రీ గాయకుడు క్రిస్ స్టేపుల్టన్ పాట ఎదురుగా వినాలన్నది చాలాకాలంగా ఉన్న కోరిక. వేసవి టూర్ తేదీలు బయటికి రాగానే కొనెయ్యాలి కాబట్టి ముందే అడుగుతున్నాను. మొత్తం నలుగురం: మేమిద్దరం, ఏడేళ్ళ పాప, వేసవికి ఇండియా నుంచి వచ్చే అత్తయ్యగారు. ఆవిడకు 67 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, బీపీ మాత్రలు వాడతారు. పాటలంటే మాత్రం ప్రాణం.

డాలస్ ఫెయిర్ పార్క్‌లోని డాస్ ఎకీస్ పెవిలియన్ లాంటి యాంఫీథియేటర్ మేలా, లేక కొలరాడో వెళ్ళి రెడ్ రాక్స్‌లో వినడం మేలా? లాన్ టికెట్ (వెనక పచ్చిక మీద కూర్చునేది) చవక, పైకప్పు కింద సీటు ఖరీదు. ఆ తేడాకి తగ్గ ఫలితం ఉంటుందా? పాప చెవులకి, ఎండకి ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మిక్సర్_బల్ల

సీటు సంగతి ముందు తేల్చుకోండి. మిగతావన్నీ ఆ రోజు సర్దుకోవచ్చు, సీటు మాత్రం కొన్నాక మారదు.

ఈ యాంఫీథియేటర్లు దాదాపు అన్నీ ఒకే పద్ధతిలో ఉంటాయి. స్టేజీ ముందు నిలబడి చూసే పిట్, దాని వెనక 100, 200, 300 నంబర్ల సెక్షన్లు, ఆ వెనక ఏటవాలు పచ్చిక. పైకప్పు సాధారణంగా 300ల దాకానో, అంతకు ముందే ఎక్కడోనో ఆగిపోతుంది. సీటింగ్ మ్యాప్‌లో మధ్యలో చిన్న డబ్బా ఒకటి కనిపిస్తుంది చూడండి, సౌండ్ ఇంజనీరు కూర్చునే చోటు అదే. పాటంతా ఆయన చెవికి ఎలా వినిపిస్తే అలా కలుపుతాడు. అందుకే ఆ డబ్బాకి అటూ ఇటూ, లేదా సరిగ్గా దాని వెనక ఉన్న వరసల్లో గొంతు, గిటారు, డ్రమ్స్ సరిపాళ్ళలో వినిపిస్తాయి.

స్టేజీకి దగ్గరైతే ఇంకా బాగా వినిపిస్తుందనుకోవడం పొరపాటు. పెద్ద స్పీకర్లు రెండు వైపులా ఎత్తున వేలాడుతుంటాయి, వాటి శబ్దం ముందు వరసల తల మీదుగా వెళ్ళిపోతుంది. ముందున్నవాళ్ళకి స్టేజీ అంచున పెట్టిన చిన్న స్పీకర్లే దిక్కు. పైగా అసలు డ్రమ్ముల మోత నేరుగా వచ్చి గొంతు మీద పడుతుంది. చాలామంది పాడేవాళ్ళు చెవిలో పెట్టుకునే ఇయర్‌పీస్‌లు వాడుతున్నారు కాబట్టి, పాతకాలంలో స్టేజీ మీద పెట్టిన మానిటర్ స్పీకర్ల నుంచి ముందువాళ్ళకి వినిపించే గొంతు కూడా ఇప్పుడు చాలాచోట్ల లేదు. స్టేపుల్టన్ వాడేది ప్రిన్స్‌టన్ అనే చిన్న యాంప్ (గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె). ఆయన పేరుతో గిటార్ల కంపెనీ ఫెండర్ తెచ్చిన మోడల్ 12 వాట్లే. ఆ గిటారు అంత నిండుగా వినిపించేది హాలు స్పీకర్ల నుంచే తప్ప ఆ యాంప్ నుంచి కాదు. ముఖం చూడాలంటే ముందుకి వెళ్ళండి. గొంతు వినాలంటే డబ్బా దగ్గరికి రండి. ఆయన భార్య మోర్గాన్ పక్కనుంచి కలిపే రెండో గొంతు కూడా అక్కడే విడిగా తెలుస్తుంది. నన్నడిగితే ఈ గాయకుడికి డబ్బు పెట్టాల్సింది ఆ వరసల మీదే.

ఒక్క హెచ్చరిక. డబ్బాకి సరిగ్గా వెనక మొదటి రెండు మూడు వరసల్లో, శబ్దాలు కలిపే బల్ల ముందు నిలబడే మనుషులు, స్టాండ్లు అడ్డం రావచ్చు. నాలుగో వరస నుంచి చూడండి.

ఓరుగల్లు_పచ్చిక

లాన్ గురించి నేను చెప్తా. చవక అని తీసిపారెయ్యకండి, కానీ దానికో పద్ధతి ఉంటది.

గేట్లు సాధారణంగా షో టైముకు గంట, గంటన్నర ముందు తెరుస్తరు. మంచి జాగ కావాలంటే గేటు తెరిచే ముందే లైన్ల ఉండాలె. లాన్ మధ్య గీత మీద, ఏటవాలుల కింది మూడో వంతులో కూర్చోండి. మరీ కిందికి పోతే పైకప్పు అంచు, స్తంభాలు స్క్రీన్‌కి అడ్డమొస్తయి. మరీ పక్కకి పోతే ఒక వైపు స్పీకరే వినిపిస్తది.

దుప్పటి ఒక వైపు ప్లాస్టిక్ పూత ఉన్నది తీసుకోండి. పొద్దున నీళ్ళు పెట్టిన పచ్చిక సాయంత్రానికి పైకి పొడిగ కనిపిస్తది గానీ కూర్చున్న పది నిమిషాలకు తడి పైకొస్తది. నలుగురికి ఆరడుగులు బై ఏడడుగులు చాలు, అంతకన్న పెద్దది పరిస్తే జనం దాని మీదనే నడుస్తరు. కుర్చీల సంగతి ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరు. కొన్ని చోట్ల బయటి కుర్చీ అస్సలు రానియ్యరు, లోపల అద్దెకు ఇస్తరు. ఇంకొన్ని చోట్ల సీటు నేల నుంచి 9 అంగుళాలకు మించకుంటే సరే అంటరు. అదే మైదానంల కూడా షో షోకి మారుతది, కాబట్టి వెన్యూ పేజీల మీ షో తేదీ కింద రాసింది చదవండి.

మీ అత్తయ్యగారిని మాత్రం లాన్ మీదికి తీసుకుపోవద్దు. ఏటవాలు మీద మూడు నాలుగు గంటలు వీపుకి ఆనుకునేది లేకుండ కూర్చోవడం, చీకట్ల దిగడం మోకాళ్ళ నొప్పి ఉన్నోళ్ళ పని కాదు. బాత్రూములు కూడ చాలా చోట్ల లాన్ కింద పక్కలకు ఉంటయి, పోయి రావడం అంటే ప్రతిసారి ఎక్కి దిగడమే.

మిక్సర్_బల్ల

పై పోస్టుకి తోడుగా లాన్ మీద శబ్దం గురించి. లాన్‌కి వినిపించేది పైకప్పు వెనక అంచున తగిలించిన రెండో వరస స్పీకర్ల నుంచి. స్టేజీ నుంచి శబ్దం 100 మీటర్లు రావడానికి సెకనులో మూడో వంతు కన్నా కొంచెం తక్కువ పడుతుంది. వెనక స్పీకర్లను సరిగ్గా అంత ఆలస్యంగా మోగిస్తారు, లేకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. స్క్రీన్ మీద పెదాలు ముందు కదిలి పాట తర్వాత వచ్చినట్టు అనిపించడం ఇందువల్లే. అది లోపం కాదు.

ఇంకో సంగతి. పగలంతా కాలిన నేల మీద గాలి వేడిగా, పైన కొంచెం చల్లగా ఉంటుంది. వేడి గాలిలో శబ్దం వేగం ఎక్కువ కాబట్టి అది పైకి వంగి వెళ్ళిపోతుంది. పొద్దు గుంకాక నేల చల్లబడితే ఆ వంపు తగ్గుతుంది, ఒక్కోసారి కిందికే తిరుగుతుంది. ఆరున్నరకి మొదటి గాయకుడు పాడేటప్పుడు లాన్ మీద పలచగా వినిపించి, తొమ్మిదికి అదే చోట నిండుగా వినిపించడానికి ఇదొక కారణం. గాలి వీస్తుంటే సన్నని స్వరాలు వచ్చిపోతుంటాయి. దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

చక్రాల_కుర్చీ_దారి

అత్తయ్యగారి కోసం యాక్సెసిబుల్ సీట్లు చూడండి. చక్రాల కుర్చీ వాడేవాళ్ళకే కాదు, నడక, మెట్లు కష్టమైనవాళ్ళకి కూడా అవి వర్తిస్తాయి. టికెట్ సైట్‌లో ఫిల్టర్ ఉంటుంది. పక్కపక్కన ఖాళీ ఉంటే ఒక యాక్సెసిబుల్ సీటుతో పాటు మూడు తోడు సీట్లు కొనే వీలు చట్టంలోనే ఉంది. మీరు నలుగురు కాబట్టి లెక్క సరిపోయింది. ఇవి సాధారణంగా సెక్షన్ల మధ్య అడ్డంగా ఉండే నడవ వెంట, మెట్లు లేకుండా చేరేలా ఉంటాయి. ముందువాళ్ళు లేచి నిలబడినా కనిపించేలా ఎత్తు ఉందో లేదో ఫోన్ చేసి అడగండి. కంట్రీ కచేరీలో హిట్ పాట మొదలవగానే సీట్లలో ఉన్నవాళ్ళందరూ లేస్తారు, పెద్దావిడ రెండు గంటలు నిలబడలేరు.

పార్కింగ్ నుంచి గేటు దాకా చాలా చోట్ల గోల్ఫ్ కార్ట్ నడుపుతారు. పార్కింగ్‌లో జెండా పట్టుకున్న మనిషిని అడిగితే రేడియోలో పిలుస్తారు. వెళ్ళేటప్పుడు సులువుగా దొరుకుతుంది, తిరిగి వచ్చేటప్పుడు పెద్ద క్యూ ఉంటుంది.

మందులు ఫార్మసీ పేరున్న అసలు సీసాలోనో, ఇండియా నుంచి తెచ్చినవైతే స్ట్రిప్‌లోనో ఉంచండి. విడి మాత్రలు డబ్బాలో పోసి తెస్తే బ్యాగులు తనిఖీ చేసే చోట ఆలస్యమవుతుంది. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి. ఎండలో అవి వేసుకున్నవాళ్ళు త్వరగా నీరసిస్తారు. ఆ రోజు మోతాదు, వేళ గురించి డాక్టరునే అడగాలి, మాత్ర సొంతంగా మానెయ్యకూడదు.

టికెట్_లెక్కలు

టికెట్ల విషయానికి వస్తున్నా.

గాయకుడి ఫ్యాన్ క్లబ్, క్రెడిట్ కార్డు కంపెనీ, వెన్యూ, వీళ్ళంతా అందరికన్నా ముందు విడివిడిగా ప్రీసేల్ పెడతారు. స్టేపుల్టన్ మెయిలింగ్ లిస్టులో ఇప్పుడే చేరండి, కోడ్ మెయిల్‌లో వస్తుంది. ప్రీసేల్‌లో మంచి సీట్లన్నీ అయిపోవు, ప్రతి దశకీ కొన్ని విడిగా పెడతారు. కాబట్టి మొదటిరోజు కనిపించిన ప్లాటినం ధర చూసి కంగారుగా కొనకండి. ప్లాటినం అంటే ప్రత్యేక సదుపాయం ఏదీ కాదు, గిరాకీని బట్టి పెంచిన మామూలు సీటు.

2025 మే 12 నుంచి అమెరికాలో లైవ్ షో టికెట్లకి ఫీజులతో కలిపిన మొత్తం ధరే మొదట చూపించాలన్న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) నిబంధన అమల్లో ఉంది. పన్ను మాత్రం చివర్లో కలవచ్చు. ఏ సైటైనా చివరి పేజీలో కొత్త ఫీజు కలిపితే అక్కడ కొనకండి.

రీసేల్‌లో మూడు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. అమ్మకాలు మొదలుకాకముందే కనిపించే రీసేల్ టికెట్లు చాలాసార్లు చేతిలో లేని టికెట్లే. సీటు నంబరు లేకుండా సెక్షన్ మాత్రమే రాసినవి వద్దు. లాన్, 300 సెక్షన్ ధరలు షో ముందు రెండు రోజుల్లో తరచూ పడిపోతాయి, పిట్, 100లు పడటం అరుదు. నలుగురికి కలిసి కావాలంటే ఆఖరి నిమిషం దాకా ఆగడం మంచిది కాదు, ఇద్దరికైతే ఆగొచ్చు.

టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది, బార్‌కోడ్ కొన్ని క్షణాలకోసారి మారుతుంది. స్క్రీన్‌షాట్ పనిచేయదు. ఇంట్లో వైఫై ఉండగానే వాలెట్‌లోకి ఎక్కించండి. గేటు దగ్గర వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తే నెట్‌వర్క్ కదలదు. అత్తయ్యగారి టికెట్ కూడా మీ ఫోన్‌లోనే ఉంచుకోండి, నలుగురూ కలిసి లోపలికి వెళ్ళండి. చాలా చోట్ల లోపల నగదు తీసుకోరు, కార్డు ఉండాలి.

డెన్వర్_మెట్లు

రెడ్ రాక్స్ గురించి అడిగారు. 1941లో తెరిచిన మైదానం, డెన్వర్ నగరానిదే. రెండు ఎర్రరాతి కొండల మధ్య సుమారు 9,500 మంది పట్టేంత చోటు, 70 వరసలు. శబ్దం అద్భుతం, అందులో అనుమానం లేదు. ప్రేక్షకులు తూర్పు వైపు చూస్తూ కూర్చుంటారు కాబట్టి సాయంత్రపు ఎండ వీపు మీద పడుతుంది, కళ్ళలో పడదు. చీకటి పడ్డాక స్టేజీ వెనక డెన్వర్ దీపాలు కనిపిస్తాయి.

కానీ మీ నలుగురికి సరిపడదు. ఆ చోటు సముద్రమట్టానికి 6,450 అడుగుల ఎత్తు. పార్కింగ్ నుంచి పైకి ఎక్కాలి, లోపల మళ్ళీ మెట్లే. కూర్చోవడానికి వీపు ఆనని పొడవాటి చెక్క బెంచీలు. ముందు వరసలో, ఆఖరి వరసలో యాక్సెసిబుల్ సీట్లున్నా త్వరగా అయిపోతాయి. డాలస్ నుంచి విమానం దిగిన రోజే అక్కడికి ఎక్కితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే ఆయాసం, తలనొప్పి వస్తాయి. వెళ్ళేవాళ్ళు ఒకరోజు ముందే డెన్వర్ చేరి, నీళ్ళు ఎక్కువ తాగి, బీరు తగ్గించాలి. పగలు 90 ఫారన్‌హీట్ ఉన్నా రాత్రి పదికి జాకెట్ కావాలి.

వడగళ్ళు మరో ప్రమాదం. 2023 జూన్ 21న ఒక కచేరీకి వచ్చిన జనం మీద అక్కడే వడగళ్ళు పడి 80 మందికి పైగా గాయపడ్డారు. తల దాచుకోవడానికి పైకప్పు ఉండదు. గొడుగులు కూడా రానివ్వరు, వానకోటు తీసుకెళ్ళాలి.

ఫ్రిస్కో_ఫిడిల్

చాలా ధన్యవాదాలండీ. అయితే డాలస్ లాంటి చోటే, పైకప్పు కింద యాక్సెసిబుల్ ఒకటి, తోడు సీట్లు మూడు, వీలైతే సౌండ్ డబ్బా చుట్టుపక్కల. ఇది ఖాయం.

పాప చెవులకి ఏం వాడాలి? తిండి లోపలికి రానిస్తారా? పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్దామని అత్తయ్యగారు ఇప్పుడే అంటున్నారు.

డెసిబెల్_మీటర్

పాపకి చెవి రంధ్రంలో దూర్చే స్పాంజి ప్లగ్గులు వద్దు. ఏడేళ్ళ పిల్లల చెవి సన్నగా ఉంటుంది, సరిగ్గా కూర్చోవు, పది నిమిషాలకి పీకేస్తారు. పిల్లల కొలతలో దొరికే ఇయర్‌మఫ్‌లు కొనండి, తల మీదుగా వెళ్ళేవి. కొన్న రోజు నుంచి ఇంట్లో కాసేపు పెట్టి అలవాటు చెయ్యండి. చెవిదిద్దులు పెద్దవైతే మఫ్ అంచుకి సందు ఏర్పడి పని చెయ్యదు, ఆ రోజుకి చిన్న పోగులు పెట్టండి. వెంట్రుకలు కూడా అంచు కింద ఇరుక్కోకూడదు.

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పెద్దవాళ్ళకి చెప్పే పరిమితి 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగానికి పడిపోతుంది: 88 దగ్గర 4 గంటలు, 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలు. స్పీకర్లకి దగ్గరగా 100 అన్నది మామూలే. పిల్లల విషయంలో ఇంకా తక్కువ పెట్టుకోవాలి.

మఫ్ అట్టపెట్టె మీద రాసిన ఎన్‌ఆర్‌ఆర్ (శబ్దం ఎంత తగ్గిస్తుందో చెప్పే రేటింగ్) అంకెని ఉన్నదున్నట్టు తీసివెయ్యకండి. అందులోంచి 7 తీసి సగం చెయ్యండి. 25 అని ఉంటే అసలు తగ్గేది 9 అనుకోవాలి. అంటే 100 ఉన్న చోట పాప చెవికి చేరేది సుమారు 91. అందుకే మఫ్ పెట్టినా స్పీకర్ల ఎదుట కూర్చోబెట్టకూడదు, మధ్యలో కూర్చోవాలన్న పై సలహా పాపకీ మంచిదే. మొదటి గాయకుడు పాడేటప్పుడే పెట్టెయ్యండి, గట్టిగా ఉందని తెలిశాక పెడదామనుకుంటే అప్పటికే ఆలస్యం.

పెద్దవాళ్ళకి స్పాంజివి కాకుండా సంగీతం కోసమే చేసిన ఫిల్టర్ ప్లగ్గులు తీసుకోండి. స్పాంజి సన్నని స్వరాలను ఎక్కువగా మింగేస్తుంది, ఫిడిల్, స్టీల్ గిటార్ మొద్దుబారిపోతాయి. ఫిల్టర్ ప్లగ్గులు అన్నింటినీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి.

అరిటాకు_డబ్బా

తిండి గురించి: చాలా యాంఫీథియేటర్లలో ఒక గ్యాలన్ పారదర్శక జిప్ సంచిలో పట్టేంత తిండి, సీలు తియ్యని నీళ్ళ సీసా రానిస్తారు. సంచి 12 బై 6 బై 12 అంగుళాల పారదర్శక సంచి అయి ఉండాలి, లేదా చేతిలో పట్టే చిన్న పర్సు. స్టీలు డబ్బా, గాజు సీసా గేటు దగ్గరే ఆగిపోతాయి. పులిహోర బాగుంటుంది, చింతపండు పులుపు ఉంది కాబట్టి సాయంత్రం దాకా నిలవుంటుంది.

డెసిబెల్_మీటర్

నిలవుంటుందన్న మాటతో ఏకీభవించను. అమెరికా వ్యవసాయ శాఖ నియమం ప్రకారం వండిన ఆహారం బయట 2 గంటలు, 90 ఫారన్‌హీట్ దాటితే ఒక్క గంటే. డాలస్‌లో జూలై మధ్యాహ్నం సగటునే 95 దాటుతుంది. కారులో ఇంకా ఎక్కువ. వండిన అన్నంలో బతికి ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు (స్పోర్లు) ఆ వేడిలోనే పెరుగుతాయి, అది వదిలే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. పులుపు ఇంటింటికీ మారుతుంది, దాన్ని నమ్ముకోలేం. పెరుగన్నం సంగతి చెప్పనే అక్కర్లేదు.

అరిటాకు_డబ్బా

సరే, ఆ లెక్క న్యాయమైనదే. అయితే ఇలా చెయ్యండి: అన్నం ఇంట్లోనే నాలుగున్నరకి తినేసి బయల్దేరండి. సంచిలో జంతికలు, వేయించిన పల్లీలు, ఉప్పు బిస్కెట్లు, ఒక ఆపిల్ పెట్టుకోండి. ఉప్పు ఉన్నవే ఎంచుకోండి, చెమటలో పోయేది అదే. అత్తయ్యగారికి బీపీ ఉంది కాబట్టి ఆవిడకి ఉప్పు ఎంతన్నది డాక్టరు మాట ప్రకారం. బయల్దేరే ముందు పల్చటి మజ్జిగ అందరికీ మంచిదే.

ఎండదెబ్బ_వద్దు

నీళ్ళ లెక్క చెప్తా. ఎండలో ఉన్నంతసేపు 15, 20 నిమిషాలకోసారి ఒక కప్పు, అంటే 8 ఔన్సులు. గంటకి 48 ఔన్సులు దాటకూడదు, ఉత్త నీళ్ళు అతిగా తాగినా రక్తంలో సోడియం పడిపోతుంది. దాహం వేశాక మొదలుపెడితే చాలదు, పార్కింగ్ క్యూలోనే మొదలుపెట్టండి.

పార్కింగ్ నుంచి గేటు దాకా నడక, గేటు దగ్గర నిలబడటం, ఈ రెండే అన్నిటికన్నా వేడి సమయం. తారు రోడ్డు కింద నుంచి కాలుస్తుంది, పైన నీడ ఉండదు. మీకు నంబరున్న సీట్లు కాబట్టి తొందరపడాల్సిన పని లేదు. పెద్దావిడని తీసుకుని గేటు తెరిచిన అరగంట తర్వాత వెళ్ళండి, క్యూ కరిగిపోయి ఉంటుంది. లోపలికి వెళ్ళగానే ఫస్ట్ ఎయిడ్ గది ఎక్కడుందో చూసి పెట్టుకోండి. అక్కడ ఏసీ ఉంటుంది, కాసేపు కూర్చోనిస్తారు.

వెడల్పు అంచు టోపీలు, లేత రంగు నూలు బట్టలు. కౌబాయ్ టోపీ కావాలంటే ఉన్ని ఫెల్ట్ కాకుండా గడ్డితో అల్లినది కొనండి, వేసవికి వాడేది అదే. పొద్దు గుంకాక తీసెయ్యండి, వెనకవాళ్ళకి అడ్డం. కొత్త బూట్లతో రావద్దు. తోలు అడుగున్న బూటు తడి పచ్చిక మీద, కాంక్రీటు మెట్ల మీద జారుతుంది.

వడదెబ్బ ముందు లక్షణాలు: బాగా చెమట, తలతిప్పు, కాళ్ళ కండరాలు పట్టేయడం, వాంతి వచ్చినట్టు ఉండటం. నీడకి తీసుకెళ్ళి, బట్టలు వదులు చేసి, మెడకి, చంకల్లో తడిగుడ్డ పెట్టి, కొద్దికొద్దిగా నీళ్ళివ్వాలి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా, స్పృహ తప్పినా అది అత్యవసరం. వెంటనే 911, లేదా దగ్గరున్న సిబ్బందిని పిలవాలి. ఆ స్థితిలో నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

హ్యూస్టన్ పక్కన వుడ్‌లాండ్స్‌లోని సింథియా వుడ్స్ మిచెల్ పెవిలియన్ వెళ్ళేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తేమ ఎక్కువ, చెమట ఆరదు, పొద్దు గుంకినా ఒళ్ళు చల్లబడదు.

డెన్వర్_మెట్లు

పిడుగుల సంగతి ఎవరూ ఎత్తలేదు. మెరుపు కనిపించినప్పటి నుంచి ఉరుము దాకా లెక్కపెట్టండి. 5 సెకన్లకి ఒక మైలు. 30 సెకన్లలోపు వినిపిస్తే అది 6 మైళ్ళలోపే ఉంది, లోపలికి వెళ్ళాలి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. ఆ అరగంటలో ఇంకో ఉరుము వస్తే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. షో గంటన్నర ఆగిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే, నిర్వాహకుల అలసత్వం కాదు.

పక్కలు తెరిచి ఉన్న పైకప్పు వానని ఆపుతుంది, పిడుగుని ఆపదు. గోడలున్న భవనం, లేదా అద్దాలు మూసిన కారు భద్రం. చెట్టు కింద, లైటు స్తంభం పక్కన, ఇనుప కంచె దగ్గర నిలబడొద్దు. కార్లలోకి వెళ్ళమని ప్రకటించినప్పుడు మళ్ళీ లోపలికి రానిస్తారా, టికెట్ మళ్ళీ స్కాన్ చేస్తారా అని బయటికి వెళ్ళే ముందే గేటు దగ్గర అడగండి.

టికెట్_లెక్కలు

డబ్బు సంగతి కూడా కలుపుతున్నా. ‘రెయిన్ ఆర్ షైన్’ అని రాసి ఉంటే వానకి వాపసు లేదు. షో రద్దయితే డబ్బు వెనక్కి వస్తుంది. వాయిదా పడితే అదే టికెట్ కొత్త తేదీకి చెల్లుతుంది, వాపసు ఇస్తే దానికి గడువు పెట్టి మెయిల్ పంపుతారు. ఆ మెయిల్ స్పామ్‌లో పడితే గడువు దాటిపోతుంది. రీసేల్‌లో కొన్నవాళ్ళకి ఆ సైటు నియమాలే వర్తిస్తాయి. గాయకుడు సగం పాడాక వాన వచ్చి ఆగిపోతే చాలాసార్లు పూర్తి షోగానే లెక్కేస్తారు.

ఓరుగల్లు_పచ్చిక

బయటికొచ్చేటప్పుడు కష్టం గురించి. డాస్ ఎకీస్‌ల 20 వేల దాకా జనం పడతరు. అందరూ ఒక్క పావుగంటల కార్లెక్కుతరు. కారు లోపలికి పెట్టేటప్పుడే వెనక్కి తిప్పి, ముక్కు దారి వైపుండేటట్టు పెట్టండి. గేటుకి దగ్గరగ కాదు, రోడ్డుకి దగ్గరగ పెట్టండి. వరస నంబరు ఫొటో తీసుకోండి, మ్యాప్‌ల పిన్ కూడ పెట్టండి. చీకట్ల అన్ని వరసలు ఒక్క తీరుగనే కనిపిస్తయి.

అత్తయ్యగారు లేకుంటే డార్ట్ (డాలస్ సిటీ రైళ్ళు నడిపే సంస్థ) గ్రీన్ లైన్ రైలు మంచిదని చెప్తుంటి. ఫెయిర్ పార్క్ దగ్గరనే ఆగుతది, కానీ స్టేషన్ నుంచి పార్క్ లోపల నడక ఉంటది. రాత్రి ఆఖరి రైలు టైము ముందే చూసుకోవాలె. ఊబర్ అయితే షో అయిన వెంటనే రేటు రెండింతలు, మూడింతలు అవుతది, అరగంట కూర్చుంటే దిగుతది.

సియాటెల్_గోర్జ్

వేరే ఊళ్ళ నుంచి ఈ చర్చ చదివేవాళ్ళ కోసం రెండు మాటలు. వాషింగ్టన్ రాష్ట్రంలో గోర్జ్ యాంఫీథియేటర్‌లో ప్రేక్షకులు పడమర వైపు, కొలంబియా నది లోయ వైపు చూస్తారు. చూపుకి గొప్పగా ఉంటుంది, కానీ జూలై చివర పొద్దు గుంకేది ఎనిమిదిన్నర దాటాక. అప్పటిదాకా ఎండ నేరుగా కళ్ళలోనే. నల్లద్దాలు తప్పనిసరి. సియాటెల్ నుంచి 150 మైళ్ళు, రాత్రి వెనక్కి డ్రైవ్ చెయ్యడం కన్నా క్యాంప్ మేలు. జూన్‌లో నాష్‌విల్‌లో జరిగే కంట్రీ సంగీత ఉత్సవం సీఎంఏ ఫెస్ట్‌కి వెళ్ళేవాళ్ళకి డౌన్‌టౌన్‌లో పగటి స్టేజీలు చాలావరకు ఉచితం. రాత్రి నిస్సాన్ స్టేడియం కచేరీలకే టికెట్. చాలామంది గాయకులని తక్కువ ఖర్చుతో వినాలంటే దాన్ని మించింది లేదు.

స్టేడియం కచేరీ లెక్క మళ్ళీ వేరు. 2024 జూన్ 15న టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ స్టేడియం కైల్ ఫీల్డ్‌లో కంట్రీ గాయకుడు జార్జ్ స్ట్రెయిట్ కచేరీకి 1,10,905 మంది వచ్చారు. అమెరికాలో టికెట్ పెట్టిన ఒకే కచేరీకి అప్పటికి అదే రికార్డు, 2025లో అది దాటిపోయింది. స్ట్రెయిట్ చాలాసార్లు స్టేజీని మైదానం మధ్యలో వేయించి, నాలుగు మూలల మైకుల దగ్గరికి మారుతూ పాడతాడు. అలాంటి చోట సౌండ్ డబ్బా వెనక అన్న సూత్రం పనికిరాదు. ఏ మూల టికెట్ కొన్నా కాసేపు ముఖం, కాసేపు వీపు.

మిక్సర్_బల్ల

నిజమే, పైన నేను చెప్పింది ఒక వైపు స్టేజీ ఉన్నచోటికే.

వినడం గురించి ఇంకొక్క మాట. బ్యాండ్‌లో పెడల్ స్టీల్ ఉంటే దాన్ని వెతికి వినండి. బల్లలా అడ్డంగా పెట్టి, ఒక చేత్తో తీగల మీద ఇనుప కడ్డీ జరుపుతూ, పాదాలతో పెడళ్ళు, మోకాళ్ళతో మీటలు నొక్కుతూ వాయించే పది తీగల వాద్యం. మన వీణ మీద గమకం విన్న చెవికి ఆ జారుడు వెంటనే అందుతుంది, మీ అత్తయ్యగారికి తప్పకుండా నచ్చుతుంది. గొంతు ఆగిన చోట అది అందుకుంటుంది, కాబట్టి పాట చరణం చివర్లో చెవి పెట్టండి. వాయించేవాళ్ళు కూర్చునే ఉంటారు, ముందువాళ్ళు లేస్తే కనిపించరు. స్క్రీన్ చూడండి.

స్టేపుల్టన్ పాటల మధ్య కబుర్లు చెప్పే మనిషి కాదు. పాట వెంట పాట వస్తుంది. బాత్రూముకి వెళ్ళాలంటే మొదటి గాయకుడు దిగి, స్టేజీ సర్దే 20, 30 నిమిషాలే వేళ. అందులోనూ మొదటి పది నిమిషాలు క్యూ పెద్దది, ఆఖరి పది నిమిషాల్లో వెళ్ళండి. ఆయన టూర్లలో ముందు పాడే వాళ్ళని ఆలస్యంగా వెళ్ళి పోగొట్టుకోకండి, ఎంచుకున్న గాయకులే వస్తారు.

ఫ్రిస్కో_ఫిడిల్

అన్నీ రాసుకున్నాను. ఆఖరి ప్రశ్న: అత్తయ్యగారి కోసం ఎన్‌కోర్‌కి (అయిపోయాక గాయకుడు మళ్ళీ వచ్చి పాడే పాటలకి) ముందే బయల్దేరాలా? స్టేపుల్టన్ పెద్ద హిట్ పాట వినకుండా వస్తే ఆవిడే ఒప్పుకోరు.

చక్రాల_కుర్చీ_దారి

ముందే బయల్దేరితే పార్కింగ్‌లో ఓ అరగంట మిగులుతుంది. కానీ పెద్ద హిట్లు చివర్లోనే ఉంటాయి. అదే టూర్‌లో ముందు జరిగిన కచేరీల పాటల వరస సెట్‌లిస్ట్ సైట్లలో దొరుకుతుంది. ఆవిడకి కావలసిన పాట ఎన్నోదో చూసుకోండి, దాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చు.

నా సలహా అయితే చివరిదాకా ఉండండి, అయ్యాక కూడా కూర్చునే ఉండండి. పాట ఆగి స్టేజీ చీకటిగా ఉంటే ఎన్‌కోర్ ఉందని అర్థం. మైదానం లైట్లన్నీ వెలిగి, స్పీకర్లలో రికార్డు పాటలు మొదలైతే అయిపోయినట్టు. అప్పుడు జనం మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటారు, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు పడేది అక్కడే. ఇరవై నిమిషాలు సీట్లలోనే ఉండి, మిగిలిన నీళ్ళు తాగించి, గోల్ఫ్ కార్ట్ కోసం సిబ్బందికి చెప్పండి. ఈలోగా మీలో ఒకరు వెళ్ళి కారులో ఏసీ వేసి, యాక్సెసిబుల్ గేటు దగ్గరికి రానిస్తారేమో పార్కింగ్ వాళ్ళని అడగండి. కొన్ని చోట్ల ఒప్పుకుంటారు, వెళ్ళేటప్పుడే అడిగి పెట్టుకుంటే ఇంకా మంచిది.